గేటు పక్క మడిని బాగుచేసిన సన్యాసిరావు

సన్యాసిరావు చేతికి చిక్కిన వస్తువు బాగుపడక తప్పదు. అంతకుముందు అది పాడైందా లేదా అన్నది ఆయనకు అంత ముఖ్యం కాదు. బిలాస్‌పూర్‌లోని తోర్వా పేటలో ఆయన ఇంటి చుట్టుపక్కల వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. "ఏటమ్మా, అంతా బాగున్నారా" అంటూ ఆయన గుమ్మంలోకి వస్తున్నాడంటే ముందు మిక్సీ లోపల దాచి, ఆ తరవాత కుర్చీ వేస్తారు. ఒకసారి పక్కింటివాళ్ల గోడగడియారం కాస్త ముందు నడుస్తోందని తీసుకుపోయి బాగుచేసి తెచ్చాడు. అప్పటినుంచీ అది వెనక నడుస్తోంది. పాపం వాళ్లు ఒక్క మాట అనలేదు. ఇచ్చేటప్పుడు ఆయన మొహంలో ఉన్న సంతోషం చూస్తే ఎవరికైనా నోరు రాదు.

ఈ గుణం ఎక్కణ్నుంచి వచ్చిందో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. సన్యాసిరావు తండ్రి పార్వతీపురం వైపు నుంచి రైలు పట్టాల గ్యాంగు పనికి బిలాస్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొడుకు రైల్వే క్వార్టర్‌లో పుట్టి, రైల్వే స్కూల్లో చదివి, రైల్వేలోనే చేరాడు. సర్వీసంతా సిక్ లైన్‌లోనే గడిచింది. సిక్ లైన్ అంటే ఆసుపత్రి కాదు, అలాంటిదే. దారిలో పాడైన వ్యాగన్లను తెచ్చి విడిగా ఒక పట్టా మీద నిలబెడతారు. వాటి ఒంటి మీద సుద్దతో 'సిక్' అని రాసి ఉంటుంది. చక్రమో, స్ప్రింగో, బ్రేకో బాగుచేశాక ఆ మాట చెరిపి 'ఫిట్' అని రాస్తారు. అప్పుడే అది మళ్లీ లైన్ ఎక్కుతుంది. 'సిక్' అని రాసి ఉన్నదాన్ని అలాగే వదిలేసి ఇంటికి పోయే అలవాటు సన్యాసిరావుకి లేదు. జేబులో చాక్‌పీసు లేకుండా బయటికి వెళ్లే అలవాటూ లేదు. ఇంట్లో ఫ్యాను, కుక్కరు, కుట్టుమిషను, గ్యాసు పొయ్యి, అన్నిటి మీదా ఏదో ఒక మూల 'ఫిట్' అని ఉంటుంది. రిటైరైన రోజున దండ వేయించుకుని, అందరి ముందూ తన చొక్కా చేతి మీద కూడా ఆ మాట రాసుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చొక్కా ఉతికినావిడ మాత్రం కొట్టలేదు.

ఆ ఉతికినావిడే మంగాయమ్మ, ఆయన భార్య. రిటైరైన కొత్తలో ఆవిడ చాలా ఓపిక పట్టింది. కుక్కర్‌ని విప్పి ఆరవేసిన రోజున ఆ ఓపిక అయిపోయింది.

"బయటికి ఎక్కడికైనా ఎల్లండి. ఇంట్లో బాగున్న సామాను ఇంకెంతో మిగిలి లేదు," అంది.

ఆవిడ మొర దేవుడు విన్నాడో లేదో కానీ వెనక వీధిలో ఉండే జగన్నాథం గారు విన్నాడు. ఆయన పంటల మీద పురుగుల సంగతి చూసే శాస్త్రవేత్త. విజయనగరం వైపు మనిషి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం మీద వచ్చాడు. ఊరి బయట, కోని అనే చోట ఆయన చేతికింద ఒక పరిశోధన పొలం ఉంది. అక్కడి షెడ్డులో మందు కొట్టే పంపులు కుప్పగా పడి ఉన్నాయట. ఒకదానికి పిడి లేదు, ఒకదానికి గొట్టం లేదు, మిగతావాటికి ఏం లేదో ఎవరికీ తెలీదు.

"ఓసారి చూస్తారేమిటి సన్యాసిరావు గారూ?" అన్నాడు ఆయన.

మర్నాడు పొద్దున్నే సన్యాసిరావు స్కూటర్ అర్పా నది వంతెన దాటింది. వారం తిరక్కుండా పంపులన్నీ లేచి కూర్చున్నాయి, ప్రతిదాని పొట్ట మీదా 'ఫిట్' అని రాసి ఉంది. ఇంక పని అయిపోయింది కదా అని ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు, ఆయనా పోలేదు. అలా ఆ పొలంలో పంపుల ఇన్‌చార్జి అనే ఉద్యోగం పుట్టింది.

ఆ పొలం సంగతి కొంచెం చెప్పాలి. ఎర్రటి మెట్ట నేల. కాలవ లేదు, బోరు నీళ్లు పంటకి పెట్టరు. పోయిన వానల తడి ఎంత మిగిలితే అంతే, ఆ తడి మీదే గోధుమ బతకాలి. నీళ్లు లేని గోధుమకి రెండు పీడలు. కింద నుంచి చెదలు వేళ్లు కొరుకుతాయి, పైన పేనుబంక ఆకుల రసం పీలుస్తుంది. ఏ మందు వేస్తే ఈ రెండూ అణుగుతాయో తేల్చడమే అక్కడ జరుగుతున్న పరీక్ష. పొలాన్ని నాలుగు భాగాలు చేశారు. ఒక్కో భాగంలో చిన్న చిన్న మడులు. ఒక మడికి ఒక మందు, ఇంకో మడికి ఇంకో మందు. ఏది ఏదో తెలియడానికి ప్రతి మడి మూలా పేరు రాసిన చెక్క మేకు పాతారు. ప్రతి భాగంలోనూ ఒక మడిని మాత్రం ఏ మందూ లేకుండా వదిలేస్తారు. దాన్ని కంట్రోల్ మడి అంటారు. దానికి ఎంత నష్టం జరిగిందో చూస్తేనే కదా, మందు వేసిన చోట ఎంత మేలు జరిగిందో తెలిసేది.

ఈ పరీక్ష తనూజది. బిలాస్‌పూర్‌లో పెరిగిన తెలంగాణ పిల్ల, బ్యాంకు మేనేజర్ కూతురు, జగన్నాథం గారి దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. పోయినేడు ఇదే పరీక్ష పెడితే, కోతకి ముందు వడగళ్లు పడి పైరంతా నేలకి కరుచుకుపోయింది. ఫెలోషిప్ ఈ వేసవితో ఆగిపోతుంది. ఈ పంట నుంచి లెక్కలు రాకపోతే ఆమె చదువు మధ్యలోనే నిలిచిపోతుంది. ఈ మాట ఆమె ఎవరికీ దాచలేదు. పొలంలో పనిచేసే ప్రతి మనిషికీ తెలుసు, సన్యాసిరావుకి అందరికంటే ఎక్కువ తెలుసు. ఎందుకంటే మధ్యాహ్నం షెడ్డు నీడలో డబ్బా తెరిచినప్పుడు ఆమె తన గోడంతా ఆయనకే చెప్పుకునేది.

"ఈసారి కూడా పోతే మై క్యా కరూఁగీ అంకుల్, నేనేం చెయ్యాలి?" అనేది.

"ఎందుకు పోతాదమ్మా? నేనున్నాను కదేటి," అనేవాడు ఆయన.

కొంప అక్కడే అంటుకుంది.

పైరు జానెడెత్తు పెరిగేసరికి గేటు పక్కన ఉన్న కంట్రోల్ మడి వాడడం మొదలెట్టింది. అటూ ఇటూ మడులు పచ్చగా ఉంటే, ఇది మాత్రం పసుపు పట్టి, ఆకుల అడుగున పేను గుంపులు గుంపులుగా చేరింది. సన్యాసిరావు తనూజని పిలిచి చూపించాడు.

"ఇదేటమ్మా, ఇలాగయిపోతంది?"

"అది అలాగే ఉండాలి అంకుల్. దానికి ఏ మందూ కొట్టకండి, బస్, అంతే," అని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

ఆయన అక్కడే నిలబడిపోయాడు. నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి ముగ్గురికే అన్నం పెట్టినట్టుంది ఆయనకి. చదువుకున్నవాళ్లు ఏదో లెక్క ప్రకారం చేస్తారు, మనకెందుకు అనుకుని తిరిగొచ్చాడు. మూడు రోజులు అలాగే అనుకున్నాడు. ఆ తరవాత ఒక కబురు వచ్చి ఆయన్ని అనుకోనివ్వలేదు. ఫిబ్రవరిలో రాయపూర్ నుంచి పెద్ద సార్లు పరీక్ష చూడ్డానికి వస్తున్నారట.

ఇన్‌స్పెక్షన్.

ఆ మాట చెవిన పడితే రైల్వే మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో రైల్వే మనిషికే తెలుస్తుంది. జనరల్ మేనేజర్ వస్తున్నాడంటే చాలు, ప్లాట్‌ఫారం పక్క రాళ్లకి సున్నం పడుతుంది, ఏనాడూ మూతలేని చెత్తడబ్బాకి మూత వస్తుంది, పాడైన వ్యాగన్లన్నీ కనపడని పట్టా మీదికి పోతాయి. పెద్దసారు మొదట చూసేది గేటు దగ్గరిదే. ఆయన అక్కడ సంతోషిస్తే లోపలికి రాడు. కోప్పడితే ఇంక ఎక్కడా ఆగడు. ఇది సన్యాసిరావు సర్వీసంతా కళ్లారా చూసిన సత్యం. ఇక్కడేమో ఆ ఆడపిల్ల తన చదువంతా పణం పెట్టి, గేటు పక్కనే ఒక సిక్ మడిని నిలబెట్టుకుంది. అభం శుభం తెలీని పిల్ల. ఎవరో ఒకరు చూసుకోవాలి కదా.

మందు కొట్టొద్దని ఆమె చెప్పింది, ఆయన కొట్టలేదు. ఆ విషయంలో ఆయన చాలా నిజాయితీగా ఉన్నాడు. మందు ముట్టని కొత్త పంపు ఒకటి విడిగా పెట్టుకున్నాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, దాన్నిండా మంచినీళ్లు నింపి, వీపుకి తగిలించుకుని, పంపు టెస్ట్ చేస్తున్నట్టుగా ఆ మడి మీద కొట్టేవాడు. నీళ్ల దెబ్బకి పేను జారి కింద పడేది. పడ్డదాన్ని చెప్పుతో తొక్కేవాడు. మిగిలిన నీళ్లన్నీ మొదళ్లలో పోసేవాడు. చెదల మట్టి కనపడితే మడమతో నలిపేవాడు. మెట్ట పరీక్షలో నీళ్లు కూడా పెట్టకూడదని ఆయనకి విడిగా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని ఎవరికి తోస్తుంది?

పది రోజులకల్లా మడి కళకళలాడింది. సన్యాసిరావుకి ఆనందం పట్టలేదు. ఆ ఊపులో మడి చుట్టూ ఇటుకలు పాతి సున్నం కూడా కొట్టాడు. గేటుకి అలంకారమనుకుని దాన్నెవరూ పట్టించుకోలేదు. లోపలి భాగాల్లో ఇంకా మూడు కంట్రోల్ మడులున్నాయి, వాటినీ బాగుచేయాలని ఆయన మనసు ఒకటే పీకింది. రెండుసార్లు నిండు పంపు వీపున వేసుకుని బయల్దేరాడు కూడా. కానీ గట్లు ఎక్కి దిగుతూ అంత దూరం పోవడానికి ఆయన మోకాలు ఒప్పుకోలేదు.

ఆ మోకాలి గురించి ఒక మాట. సన్యాసిరావు జన్మలో బాగుచేయలేకపోయిన వస్తువు అదొక్కటే. డాక్టరు ఆపరేషన్ అన్నాడు, ఈయన నవ్వి ఊరుకున్నాడు. తనే రబ్బరూ తోలూ కలిపి ఒక పట్టీ కుట్టుకుని బిగించాడు. బకిల్ మార్చాడు, రబ్బరు మార్చాడు, మోకాలు మాత్రం మారలేదు. మంగాయమ్మ ఆ పట్టీని చూసినప్పుడల్లా, "దాని మీద కూడా రాసీండి మరి, ఫిట్ అని," అనేది. ఆయనకి కోపం వచ్చేది.

ఇక్కడ సన్యాసిరావు సంబరపడుతుంటే, అక్కడ తనూజకి నిద్ర పట్టడం మానేసింది. ఆమె వారం వారం ఆకుల మీద పురుగుల్ని లెక్కపెడుతుంది, చెదలు కొట్టిన మొక్కల్ని లెక్కపెడుతుంది. గేటు పక్క భాగంలో ఏ మందూ లేని మడిలో పేను లేదు, చెదలు లేవు. మందు వేసిన మడుల్లో మాత్రం ఎంతో కొంత ఉంది. అంటే మందు వేయకపోవడమే మందు అన్నమాట. ఒక వారం తన లెక్కే తప్పనుకుంది. రెండో వారం కళ్లద్దాలు మార్పించుకుంది. మూడో వారం జగన్నాథం గారి ముందు నిలబడి ఏడ్చింది.

ఆయన పొలానికి వచ్చాడు. అప్పుడు సన్యాసిరావు షెడ్డు ముందు కూర్చుని ఒక పంపుకి ముక్కు బిగిస్తున్నాడు. ఇద్దరూ గేటు పక్క మడి దగ్గర ఆగారు. వాళ్ల మాటలు ఆయనకి స్పష్టంగా వినిపిస్తున్నాయి. సార్ మెచ్చుకుంటాడని చెవులు రిక్కించాడు.

"ఇది కంట్రోలేనా?" అన్నాడు జగన్నాథం గారు.

"అవును సార్."

"నమ్మమంటావా? ఇది జిల్లాలోకెల్లా మంచి గోధుమలా ఉంది. విత్తేటప్పుడు మందు పట్టించిన విత్తనం దీంట్లో పడుంటుంది. లేదా మేకులు మారిపోయుంటాయి."

"నేనే దగ్గరుండి విత్తించాను సార్."

"సరే, తప్పు ఎక్కడ జరిగిందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఒకచోట కలిసిపోతే మిగతా చోట్ల కలవలేదని ఎలా చెప్తాం? ఎక్కడ తప్పు జరిగిందో తెలియని పరీక్షని పెద్దవాళ్ల ముందు పెట్టలేను తనూజా. దున్నించేసెయ్. వచ్చే ఏడాది..."

"వచ్చే ఏడాది లేదు సార్ నాకు," అంది తనూజ.

జగన్నాథం గారికి అది తెలుసు.

సన్యాసిరావు చేతిలోని స్పానర్ జారి కింద పడింది. ఎవరి సిక్ మడిని బాగుచేశాననుకున్నాడో ఆమె చదువే ఇప్పుడు సిక్ లైన్ ఎక్కింది. సిక్ లైన్‌లో ఎంక్వయిరీ అంటూ వస్తే మొట్టమొదట నేర్చుకునే పాఠం ఒకటుంది. అది మా డిపార్ట్‌మెంట్ కాదు అనడం. ఆ పాఠం ఆయనకి కంఠతా వచ్చు, జీవితంలో చాలాసార్లు పనికొచ్చింది కూడా. ఇప్పుడూ నోరు మూసుకుంటే సరిపోతుంది. ఎవరూ ఆయన్ని అడగలేదు, అనుమానించలేదు. చెప్తే సార్ ఇంక పొలంలో అడుగు పెట్టనివ్వడు. మళ్లీ ఇల్లు, మళ్లీ ఆ కుక్కరు. అంతకంటే ఘోరం, ఆ పిల్ల మొహం చూడాలి.

అప్పటికే తనూజ వంగి మేకులు పీకడం మొదలెట్టింది. ఒక్కో మేకూ పీకి, దానికి అంటిన మట్టి దులిపి, ఒళ్లో పెట్టుకుంటోంది. అది చూసి ఆయన ఉండబట్టలేకపోయాడు. లేచి, కుంటుకుంటూ, దాదాపు పరిగెత్తాడు.

"పీకీకమ్మా! మేకులు మారనేదు. నేనే చేసినాను."

ఇద్దరూ తలెత్తి చూశారు.

"ఏం చేశారు?" అన్నాడు జగన్నాథం గారు.

"నీళ్లు కొట్టినాను సార్. మందు కాదు, ఒట్టు. కొత్త పంపుతోటి మంచినీళ్లు. రోజూ పొద్దున్న. పెద్దసార్లు వస్తారు కదా, గేటు కాడ సిక్ అయిపోయి కనపడితే పిల్లకి మాటొస్తాదని..."

జగన్నాథం గారికి కోపం రావడానికి కొంచెం టైం పట్టింది, వచ్చాక మాత్రం బాగానే వచ్చింది. వర్షాధారం పంట మీద నీళ్లా అన్నాడు. చదువుకోని మనిషి కూడా ఇలాంటి పని చెయ్యడన్నాడు. ఈ ఇటుకలకి సున్నం కూడా మీరే కొట్టారా అన్నాడు. సన్యాసిరావు తల దించుకుని అన్నిటికీ ఒప్పుకున్నాడు. తనూజ మాత్రం ఆయన మీద అరవలేదు. ఏదో ఆలోచిస్తోంది.

"అంకుల్, సచ్ బతాయియే, నిజం చెప్పండి. మిగతా మూడు కంట్రోళ్లకీ కొట్టారా?"

"నేదమ్మా."

"ఒక్కసారి కూడా?"

"కొడదామనే అనుకున్నాను. రెండుసార్లు బయల్దేరినాను కూడాను. ఈ మోకాలు రానివ్వనేదు."

ఆ మాట వినగానే తనూజ గట్ల మీద పరుగు తీసింది. వెనకాలే జగన్నాథం గారు. ఆ వెనక, చాలా వెనక, సన్యాసిరావు. ఆయన అక్కడికి చేరేసరికి ఆమె లోపలి కంట్రోల్ మడిలో మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఆకులు పసుపెక్కిపోయి, జిగురు కారుతూ, పేను పట్టి అసహ్యంగా ఉన్నాయి. ఒక మొక్కని పట్టుకుని లాగింది. వేరు లేకుండా చేతిలోకి వచ్చేసింది, మొదలంతా చెదలు తినేసి మట్టి కట్టింది. ఆమె దాన్ని పైకెత్తి గురువుకి చూపించింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"పూరా ఖతం సార్! ఎంత బాగా పోయిందో చూడండి!"

పురుగు పట్టిందని ఇంతగా సంబరపడే మనిషిని సన్యాసిరావు అంతవరకూ చూడలేదు. పిల్లకి బాధతో మతి చలించిందేమోనని భయపడ్డాడు కూడా. జగన్నాథం గారు మిగతా రెండూ తిరిగి చూసి వచ్చాడు. వాటి గతీ అంతే. ఆయన నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"గేటు పక్క భాగం మొత్తం లెక్కలోంచి తీసేద్దాం. ఎందుకు తీసేశామో ఉన్నదున్నట్టు రాద్దాం. మూడు భాగాలు నిలబడతాయి. తక్కువే, కానీ చాలు," అన్నాడు. తరవాత సన్యాసిరావు వైపు తిరిగాడు. "ఏ మడి పాడైందో మీరు చెప్పబట్టి సరిపోయింది. చెప్పకపోతే ఈ సాయంత్రానికి ట్రాక్టర్ వచ్చేది. మీ మోకాలికి మేమంతా ఒకసారి దణ్ణం పెట్టుకోవాలి."

"మరి నన్ను రావొద్దంటారా సార్?" అని అడిగాడు సన్యాసిరావు.

"రండి. గేటు పక్క మడి ఇంక మీ సొంతం. నీళ్లు పోసుకోండి, సున్నం కొట్టుకోండి, మీ ఇష్టం. ఈ మూడింటి జోలికి మాత్రం వచ్చారంటే ఊరుకోను."

ఆయన అలా అన్నంత తేలిగ్గా సన్యాసిరావు తీసుకోలేకపోయాడు. షెడ్డు దగ్గరికి తిరిగొచ్చాక తనూజ ఆయన పక్కనే కూర్చుంది.

"అవి పాడవాలి అంకుల్. వాటి డ్యూటీ అదే. అవి పాడైతేనే మందు పనిచేసిందో లేదో నేను చెప్పగలను. రేపు ఏదో ఊళ్లో రైతు పనికిరాని మందు కొని పొలమంతా కొట్టుకోకుండా ఉంటాడు."

డ్యూటీ అన్న మాట దగ్గర ఆయన ఆగాడు.

"మా దగ్గర కప్లింగులు వచ్చీవి," అన్నాడు. "వ్యాగన్నీ వ్యాగన్నీ కలిపీవి. లాటు వచ్చిందంటే అందులోంచి ఒకటి తీసి, తెగీదాకా లాగీవోరు. ఎంత బరువుకి తెగిందో చూసి మిగతావన్నీ పాస్ చేసీవోరు. తెగిన ముక్కని మాత్రం ఎవుళూ అతికించీవోళ్లు కాదు."

"అచ్ఛా, అదే అంకుల్ ఇది."

"అదేనేటి," అన్నాడు సన్యాసిరావు.

అర్థం కావడం వేరు, చూస్తూ ఊరుకోవడం వేరు. కోతల దాకా ఆ రెండు నెలలూ ఆయన పడిన బాధ మంగాయమ్మకి తెలుసు. పొలానికి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ మూడు మడుల చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని సగం తిని లేచేవాడు. సిక్ అయిన వస్తువు లేబుల్ లేకుండా నిలబడకూడదు కాబట్టి, వాటి మేకుల మీద చాక్‌పీసుతో 'సిక్' అని రాశాడు. రాసి వదిలేశాడు. అలా వదిలేయడం ఆయన జీవితంలో అదే మొదలు.

"వాటిని బాగుచెయ్యడం నా చేతిలో పనే మంగా. అయినా చెయ్యకూడదు," అన్నాడొక సాయంత్రం.

"మీరు చెయ్యకండా ఉండడం కూడా ఒక పనేనని ఇన్నాళ్లకి తెలిసిందేటి?" అంది ఆవిడ. కానీ ఆ పూట కంచంలో ఆయనకిష్టమైన వంకాయ కూర వేసింది.

ఫిబ్రవరిలో పెద్దసార్లు వచ్చారు. సన్యాసిరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. వాళ్లు సున్నం కొట్టిన ఇటుకల్ని దాటి, కళకళలాడే మడిని దాటి, ప్యాంట్లకి ముళ్లు అంటించుకుంటూ తిన్నగా లోపలి భాగాలకి పోయారు. సర్వీసంతా కళ్లారా చూసిన సత్యం ఆ ఒక్క పూటలో అబద్ధమైపోయింది. పోతూ పోతూ ఒకాయన మాత్రం ఆగి, ఇంత మంచి గోధుమ ఎవరిదని హిందీలో అడిగాడు. "వో హమారే అంకుల్ కా హై సర్," అంది తనూజ. మా అంకుల్‌ది అన్న ఆ మాటతో సన్యాసిరావు ఆ రోజంతా గాల్లోనే నడిచాడు.

మార్చి చివర్లో కోతలయ్యాయి. మడి మడికీ గింజలు విడివిడిగా తూచారు. ఏ మందు పనిచేసిందో, ఏది పేరుకి మాత్రమే మందో, పక్కపక్కన పెట్టిన సంచులు చూస్తే చదువు రానివాళ్లకి కూడా తెలిసిపోతోంది. మూడు కంట్రోల్ మడుల గింజలన్నీ కలిపినా ఒక్క సంచి అడుగు నిండలేదు. అవి తూచేటప్పుడు తనూజ కళ్లు చెమర్చాయి. ఈసారి సంతోషంతోనే. చదువు గట్టెక్కింది.

మందు వేసిన మడుల గింజలు తినడానికి పనికిరావు, వాటిని పారేయాలని రూలు. గేటు పక్క మడికి మందు పడలేదు కాబట్టి ఆ గింజలు సన్యాసిరావు ఇంటికి తెచ్చుకున్నాడు. మంగాయమ్మ వాటిని పిండి పట్టించి, రొట్టెలు చేసి, పక్కింటికి కూడా పంపింది. గడియారం సంగతి మర్చిపోమని కాబోలు.

పొలం దున్నడానికి ముందు ఒక రోజు తనూజ మేకులు ఏరడానికి వచ్చింది. లోపలి భాగంలో సన్యాసిరావు కనిపించాడు. పట్టీ కట్టిన కాలు పక్కకి చాపుకుని, మోడులు మాత్రమే మిగిలిన కంట్రోల్ మడి ముందు కూర్చుని, మేకు మీద ఉన్న 'సిక్' అనే మాటని అరచేత్తో తుడుస్తున్నాడు. తుడిచి, జేబులోంచి చాక్‌పీసు తీసి, నెమ్మదిగా 'ఫిట్' అని రాశాడు. మిగతా రెండు మడుల దగ్గర అప్పటికే రాసేశాడు.

"అంకుల్, ఇక్కడ ఏమీ మిగల్లేదు కదా. ఫిట్ ఏంటి?"

"డ్యూటీ చేసినాయి కదమ్మా. ఒక్క రోజు కూడా ఎగ్గొట్టకండా చేసినాయి. నీ చదువుని నిలబెట్టినవి ఇవే."

తనూజ ఆయన చేతిలోంచి చాక్‌పీసు తీసుకుంది. ఇంక రాయడానికి మేకులు లేవు కదా అని ఆయన అనేలోపే వంగి, ఆయన మోకాలి పట్టీ మీద అదే మాట రాసింది.

ఆ పట్టీని ఈ రోజుకీ ఉతకనివ్వడం లేదని మంగాయమ్మ అందరికీ చెప్పుకుంటోంది.